లిఫ్టు ఫోను ఎవరికి మోగుతోంది?

లెక్కల మాస్టారు క్షేమం. కిందటి వారం కథని ఆయన ఆగిపోయిన లిఫ్టులో ఉండగానే ఆపేసినందుకు కోపం తెచ్చుకున్నవాళ్ళు ముందు ఆ కోపం దించుకోవాలి. వాచ్‌మన్ ఇనప కడ్డీతో తలుపు ఎడం చేసి ఆయన్ని బయటికి లాగాడు. మాస్టారు ఇంటికి వెళ్ళి, చొక్కా మార్చుకుని, కాఫీ తాగి, లిఫ్టుల కంపెనీ మీద కేసు వేస్తానని ఇల్లెగిరిపోయేలా అరిచారు. అంత గట్టిగా అరవగలిగారంటే ఆరోగ్యంగా ఉన్నట్టే.

తేలని సంగతి ఒకటే. ఆయన లిఫ్టులో ఎర్ర బటన్ నొక్కారు, వేలు నొప్పి పుట్టేదాకా నొక్కారు. ఎవరూ రాలేదు. ఆ బటన్ వెనక ఒక చిన్న పెట్టె ఉంటుంది, అందులో, అందరూ వదిన అని పిలిచే ఆవిడ పనిచేసే మొబైల్ కంపెనీ సిమ్ ఉంటుంది. బటన్ నొక్కితే ఆ సిమ్ లిఫ్టుల కంపెనీ కంట్రోల్ రూముకి ఫోన్ చెయ్యాలి. మీ సిమ్ చచ్చిందని వాళ్ళు, లక్షణంగా బతికే ఉందని వీళ్ళు వాదులాడుకున్నారు. చివరికి వదిన విసుగెత్తి, పెట్టెలో దాచి ఉంచిన కంట్రోల్ రూము నంబరు ఏదో లిఫ్టు మేస్త్రీని అడిగి తెలుసుకుని, తన టేబుల్ మీది ఫోన్ నుంచి తనే డయల్ చేసింది. అవతల పలికింది కంట్రోల్ రూము కాదు, ఎవరో ఆడమనిషి.

"మళ్ళీ మొదలెట్టావా? ఈసారి పోలీసులకి చెప్తాను," అంది.

వదినకి తిట్లు తినడం కొత్త కాదు. సొంత టవర్లు లేని మొబైల్ కంపెనీలో ఆపరేషన్స్ చూడటమంటే సగం పని అదే. సిగ్నల్ పోతే తిట్లు, సిమ్ పలకకపోతే తిట్లు, పాత నంబరు కొత్త సిమ్‌కి మారడం ఆలస్యమైతే ఇంకా పెద్ద తిట్లు. కానీ ఈ తిట్టులో కోపం కన్నా భయం ఎక్కువగా వినబడింది.

"అమ్మా, పెట్టెయ్యకండి. మీ సిమ్ కంపెనీ నుంచే మాట్లాడుతున్నాను. కావాలంటే నంబరు చూసుకోండి, కస్టమర్ కేర్ నంబరే. మిమ్మల్ని ఎవరు విసిగిస్తున్నారో నాకు చెప్పండి."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"ఎవరో తెలిస్తే మీకెందుకు చెప్తానండీ, నేనే చూసుకుందును. నేను బట్టలు కుడతాను. పాత నంబరుకి ఒకడు పగలూ రాత్రీ ఫోన్లు చేసి పీక్కుతింటుంటే, ఆ నంబరు పారేసి మీ దగ్గర ఇది తీసుకున్నాను. తీసుకున్న వారానికే మళ్ళీ మొదలు. మోగుతుంది, ఎత్తేలోపు ఆగిపోతుంది. ఒక్కోసారి ఎత్తితే ముందు కుయ్ కుయ్‌మని చప్పుడు, తర్వాత ఎవరో గోడ బాదుతున్నట్టు ఉంటుంది. మొన్నయితే ఎవరో ముసలాయన, 'తలుపు తియ్యండి, తలుపు తియ్యండి' అని ఒకటే అరుపు. ఎవరండీ అంటే వినిపించుకోడు. మా ఇంటి తలుపే అనుకున్నానండీ. గొళ్ళెం పెట్టి, దానికి మిషను అడ్డం జరిపి కూర్చున్నాను. తర్వాత ఆ నంబరు బ్లాక్ చేసేశాను."

వదిన రిసీవర్ని గట్టిగా పట్టుకుంది. ఒకే ఫోను కాల్‌కి ఆ చివర ఒక మనిషి బయటికి రాలేక, ఈ చివర ఇంకో మనిషి లోపల గొళ్ళెం పెట్టుకుని, ఇద్దరూ వణికిపోయారు. ఇద్దరూ తన కస్టమర్లే. వదినకి నిజంగా ఏడుపొచ్చింది. అయినా కాసేపట్లో మళ్ళీ ఫోన్ చేస్తాను, దయచేసి ఎత్తండమ్మా అని చెప్పి పెట్టేసింది.

సెలవు రోజు కావడంతో ఆపరేషన్స్ గదిలో ఇద్దరే ఉన్నారు. గోడ నిండా తెరలు, తెరల మీద పచ్చగా ఎర్రగా ఫిర్యాదులు, మూల ఏసీ కింద నీళ్ళ బకెట్. రెండో మనిషి చంటి. గడ్డంలో అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు వచ్చినా చంటి చంటే. వదినకి సొంత మరిది. అతను 'వదినా, వదినా' అని పిలిచీ పిలిచీ ఆఫీసు మొత్తానికి ఆవిడని వదినని చేసి పెట్టాడు. గేటు దగ్గర సెక్యూరిటీ పెద్దాయన కూడా అలాగే పిలుస్తాడు, ఆయన వయసు ఆవిడ తండ్రి వయసు.

"చంటీ, కంట్రోల్ రూముకి మనమే ఇచ్చిన నంబరు కుట్టుపని చేసుకునే ఆవిడ చేతికి ఎలా వెళ్ళింది?"

చంటి కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఏదో టైప్ చేశాడు. తెర చూసి మళ్ళీ టైప్ చేశాడు. వదినకి అతని చిన్నప్పటి నుంచీ తెలుసు, నీళ్ళు నమిలేటప్పుడు ఎడమ చెవి గోక్కుంటాడు. ఇప్పుడు గోక్కుంటున్నాడు.

"ఖాళీ నంబర్ల ఏరివేతలో పోయింది వదినా."

"పోవడమేంటి? అది కంట్రోల్ రూమురా!"

"సిస్టమ్‌కి అది కంట్రోల్ రూమని ఎలా తెలుస్తుంది? ఏదైనా నంబరు నుంచి మూడు నెలలు ఒక్క కాల్ కూడా బయటికి వెళ్ళకపోతే ఎవరూ వాడట్లేదని వెనక్కి తీసేసుకుంటుంది. ఆ రూల్ రాసింది నేనే. ఆ నంబరు నుంచి ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యరు కదా. దానికి రావడమే గానీ వెళ్ళడం లేదు."

"వచ్చేవి లెక్కపెట్టవా మరి?"

"వచ్చే కాల్స్ వివరాలు ఇంటాయన వేరే ఫైలులో పంపుతాడు, అదీ ఆలస్యంగా. తర్వాత కలుపుదాంలే అనుకున్నాను." చంటి చెవి ఎర్రబడింది. "మర్చిపోయాను."

ఇంటాయన అంటే మనిషి కాదు. టవర్లూ స్విచ్చులూ ఉన్న పెద్ద నెట్‌వర్క్‌కి ఈ ఆఫీసులో పెట్టుకున్న పేరు. సిమ్ మీద పేరు వీళ్ళది, బిల్లు వీళ్ళది, గాలిలో తిరిగే సిగ్నల్ మాత్రం ఆయనది. అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా ఇంటాయన్ని అడగాలి కదా, అలాగే ఇక్కడ ఒక కాల్‌ని దారి మళ్ళించాలన్నా ఆయనకి అర్జీ పెట్టాలి.

"లిఫ్టులవాళ్ళు తమ ఫోను మూగబోతే చూసుకోరా?" అంది వదిన.

దానికి జవాబు చంటి చెప్పక్కర్లేకపోయింది. లిఫ్టు మేస్త్రీ ఇంకా ఇంకో లైనులోనే ఉన్నాడు, స్పీకర్లోంచి అతనే అందుకున్నాడు.

"ఆ ఫోను మోగకపోతే మాకు సంతోషమమ్మా. అందరూ సుఖంగా ఎక్కి దిగుతున్నారనే లెక్క. నెలకోసారి మేం బటన్ నొక్కి, అవతల మోగుతోందా లేదా విని పెట్టేస్తాం. మోగుతూనే ఉంది మరి."

మోగుతూనే ఉంది. కుట్టుమిషను పక్కన.

వదినకి ఒక అనుమానం మిగిలింది. వెనక్కి తీసుకున్న నంబరుని కొన్నాళ్ళు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టడం ఈ వృత్తిలో పద్ధతి. 'పడుకోబెట్టడం' అంటారు వీళ్ళు. ఆ నంబరు పడుకుని ఉంటే మేస్త్రీల పరీక్షలోనే విషయం బయటపడేది. ఫోను మోగేదే కాదు.

"పడుకోబెట్టలేదా దాన్ని?"

చంటి ఈసారి చెవి గోక్కోలేదు. తలుపు వైపు చూశాడు. అక్కడ బావగారు నిలబడి ఉన్నారు.

బావగారు ఈ కంపెనీ పెట్టినాయన, వదిన భర్తకీ చంటికీ పెద్దన్న. మెత్తటి మనిషి. ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనరు, అనకుండానే పని జరిపించుకుంటారు. రేపు ఇంటాయన తరపు పెద్దలు వచ్చి ఒప్పందం మళ్ళీ రాసుకోబోతున్నారు. వాళ్ళని ఏ కుర్చీల్లో కూర్చోబెట్టాలా అని పొద్దుటి నుంచి గదులన్నీ తిరుగుతున్నారు. పూలకుండీ ఒకటి చంకలో ఉంది.

"నేనే వద్దన్నానమ్మాయ్," అన్నారు. "కొత్త కనెక్షన్లకి నంబర్లు చాలట్లేదన్నాడు చంటి. పడుకున్నవాటిని లేపి ఇచ్చెయ్యమన్నాను. అప్పుడు అదేమంత పెద్ద తప్పుగా అనిపించలేదు."

ఒప్పుకున్న తీరుకి వదినకి కోపం సగం చల్లారింది. అదీ బావగారి నేర్పు.

"సరే బావగారూ, అయిందేదో అయింది. ఆ నంబరుకి వచ్చే లిఫ్టు కాల్స్‌ని అసలు కంట్రోల్ రూముకి తిప్పమని ఇంటాయనకి ఇప్పుడే చెబుదాం. వాళ్ళ అత్యవసర లైను సెలవు రోజున కూడా పనిచేస్తుంది."

"చెబుదాం. రేపు సంతకాలయ్యాక."

"రేపటిదాకానా?"

"ఒక్క రోజమ్మా." పూలకుండీ ఆవిడ టేబుల్ మీద పెట్టారు. "ఒకరి నంబరు ఇంకొకరికి ఇచ్చారని కిందటేడు ఒక ఫిర్యాదు వెళ్ళింది. ఇంకోటి వస్తే ఇల్లు ఖాళీ చెయ్యమంటామని కాగితం పంపారు. నువ్వే చదివి వినిపించావు. ఇవాళ ఫోన్ చేసి 'లిఫ్టుల నంబరు దర్జీకి ఇచ్చేశాం' అంటే రేపు ఎవరూ రారు. నీ మొగుడు పెట్టిన సిమ్ దుకాణాలు, చంటి ఉద్యోగం, బయట పనిచేసే పిల్లలు, అందరం ఒక్కసారే వీధిలో పడతాం. ఈలోగా ఎక్కడో లిఫ్టు ఆగుతుందంటావా? రోజూ ఆగుతాయా ఏంటి?"

అందులో అబద్ధమేమీ లేదు. వదిన భర్త ఈ సిమ్‌లు అమ్మడం కోసమే ఉన్న ఉద్యోగం మానుకున్నాడు. ఇంట్లో పొయ్యి వెలగడం నుంచి పిల్లల ఫీజుల దాకా అన్నీ ఈ గదిలో తెరలు పచ్చగా ఉండటం మీదే ఆధారపడి ఉన్నాయి. పైగా కాపురానికి వచ్చిన రోజు నుంచి ఆవిడ బావగారి మాట కాదన్నది లేదు. భయపడి కాదు, ఆయన ఇన్నేళ్ళలో అలా కాదనాల్సిన పని పెట్టలేదు.

 వదిన తనకే నచ్చని గొంతుతో, "సరే, రేపటిదాకా," అంది. "కానీ ఈలోగా ఆ కాల్స్ ఎవరో ఒకరు ఎత్తాలి. ఆ కుట్టుపని ఆవిణ్ణి బతిమాలుకుంటాను. బ్లాక్ తీసేసి, వస్తే ఎత్తి, ఏ బిల్డింగో అడిగి మాకు చెప్పమంటాను."

బావగారి ముఖం తేటపడింది. "బంగారంలాంటి ఆలోచన. ఆవిడకి ఏడాది పాటు బిల్లు లేకుండా చేద్దాం."

వదిన మళ్ళీ డయల్ చేసి స్పీకర్లో పెట్టింది. కుట్టుపని ఆవిడ మొదటి మోతకే ఎత్తింది. వదిన ఏదీ దాచలేదు. ఆ నంబరు ఎవరిదో, ఎలా చేతులు మారిందో, అరిచిన ముసలాయన ఎవరో అంతా చెప్పింది. 

"అయ్యో! ఆయన లిఫ్టులో ఉన్నాడా? నేనేమో నోటికొచ్చినట్టు తిట్టానండీ. బాగానే ఉన్నాడా ఆయన?"

"నిక్షేపంగా ఉన్నారు. మిమ్మల్ని మించి తిడుతున్నారు."

ఆవిడ చిన్నగా నవ్వింది, వదిన కూడా నవ్వింది. బావగారు పూలకుండీ తీసుకుని వెళ్ళబోయారు.

"మరి ఈవిడ?" అంది కుట్టుపని ఆవిడ.

"ఏ ఆవిడమ్మా?"

"పొద్దున చేసినావిడండీ. అది వేరే నంబరు. ముందు అదే కుయ్ కుయ్ చప్పుడు, తర్వాత 'అమ్మా, ఎవరైనా ఉన్నారా, ఇవాళ సెలవు, ఎవరూ రారు' అని ఏడుపు. వాడే ఈసారి ఆడమనిషి చేత చేయిస్తున్నాడు అనుకున్నాను. దాన్నీ బ్లాక్ చేసేశాను. ఆవిడ బయటికొచ్చేసిందా?"

 పొద్దుటి నుంచి లిఫ్టు ఆగిందని ఒక్క ఫిర్యాదూ లేదు. వదిన గోడ గడియారం వైపు చూసింది, మధ్యాహ్నం తిరిగిపోయింది.

"ఆ రెండో నంబరు చెప్పండి. తొందరగా."

చంటి వింటూనే టైప్ చేశాడు. ఏ సిమ్ ఎవరికి ఫోన్ చెయ్యబోయినా, దాన్ని మాట్లాడనివ్వాలా వద్దా అని ఇంటాయన స్విచ్ ముందు వీళ్ళ సిస్టమ్‌ని అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ తెర మీద ఒక వరస పడుతుంది. ఆ సిమ్ కింద వరసలు తెర నిండిపోయి ఉన్నాయి. వాళ్ళు చూస్తుండగానే అడుగున ఇంకోటి పడింది.

"ఇప్పుడు కూడా చేస్తోంది వదినా." చంటి గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. "ఈ క్షణంలో."

"అడ్రసు?"

"లిఫ్టుల కంపెనీ గోడౌను అడ్రసే. వాళ్ళ సిమ్‌లన్నిటికీ అదే ఇచ్చారు."

వదిన మేస్త్రీని అడిగింది. ఏ సిమ్ ఏ లిఫ్టులో పెట్టారో ఎక్కడా రాసుకోలేదన్నాడు అతను. డబ్బాలోంచి చేతికొచ్చింది తీసి పెట్టడమే. ఆ కుయ్ కుయ్ చప్పుడులోనే లిఫ్టు గుర్తు ఉంటుందట, అది కంట్రోల్ రూములో యంత్రానికే తెలుస్తుందట.

"అమ్మా, ఆ నంబరుకి బ్లాక్ తీసెయ్యండి," అంది వదిన స్పీకర్లోకి. "కాల్ రాగానే ఎత్తండి. ఎత్తి, ఏ వీధి, ఏ బిల్డింగు, అది ఒక్కటి అడగండి. ఈ లైను పెట్టెయ్యొద్దు."

"నా దగ్గర ఇంకో ఫోన్ లేదండీ."

"రెండో కాల్ వస్తే మమ్మల్ని ఆపి దాన్ని తీసుకోండి, తర్వాత రెండూ కలపండి. చంటీ, ఈవిడకి కాల్ కలిపే సౌకర్యం ఉందా చూడు."

"ఇప్పుడే ఇచ్చేశాను."

వెళ్ళబోయిన బావగారు పూలకుండీ కింద పెట్టి, కుర్చీ అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నారు.  వదినకి ఆయన మీద జాలి వేసింది. తన మీద అసహ్యం వేసింది. కాసేపటి క్రితం 'రేపటిదాకా' అన్నది తనే.

"వస్తోందండీ!" అంది కుట్టుపని ఆవిడ. లైను ఒక్క క్షణం మూగబోయి మళ్ళీ తెరుచుకుంది. కుయ్ కుయ్‌మనే చప్పుడు గది నిండా వినబడింది, ఆగింది.

"అక్కా, వింటున్నారా? ఎక్కడున్నారు? ఏ బిల్డింగు?" కుట్టుపని ఆవిడ గొంతు బతిమాలుతోంది. "అక్కా, నేను తిట్టను. పలకండి."

ఎక్కడో ఫ్యాను లాంటిది తిరుగుతున్న హోరు తప్ప ఏమీ లేదు.

"పలకట్లేదండీ," అంది ఆవిడ ఏడుపు గొంతుతో.

"మరి బటన్ ఎవరు నొక్కుతున్నారు?" అన్నారు బావగారు. ఆ మాటకి ఆయన ముఖంలో ఆశ వచ్చింది. "నొక్కుతోందంటే మనిషి బాగానే ఉన్నట్టేగా?"

ఇంకో లైనులోంచి మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "ఒక్కసారి నొక్కితే చాలండీ. ఎవరో ఒకరు ఎత్తేదాకా ఆ పెట్టె దానంతటదే మళ్ళీ మళ్ళీ చేస్తుంది. ఆవిడ చివరిసారి నొక్కింది పొద్దున్నే అయ్యుండొచ్చు."

ఆ సిమ్ ఏ టవరు కింద ఉందో చెప్పగలిగేది ఒక్క ఇంటాయనే. అది అడగాలంటే ఎందుకో చెప్పాలి, చెబితే అన్నీ చెప్పాలి. ఇంటాయన అత్యవసర లైనుకి పెట్టిన ఎర్ర ఫోను వైపు వదిన చెయ్యి చాచింది.

ఆవిడకన్నా ముందు బావగారి చెయ్యి దాని మీద పడింది.

 ఆయన దాన్ని గట్టిగా పట్టుకోలేదు. అందరి బతుకులూ ఆ చేతి కిందే ఉన్నాయన్నట్టు ఆవిడ కళ్ళలోకి చూశారు, అంతే. స్పీకర్లో హోరు సాగుతూనే ఉంది. 'అక్కా, అక్కా' అని కుట్టుపని ఆవిడ పిలుస్తూనే ఉంది.

"చెయ్యి తియ్యండి బావగారూ," అంది వదిన.

ఆయన తియ్యలేదు.